కవ్వాల్‌కు దారి ఊళ్ల మీదుగానే

నస్పూర్, శ్రీరాంపూర్‌లలో నేల తవ్వితే బొగ్గు. లక్షెట్టిపేట, దండేపల్లి దాటి జన్నారం వైపు వెళ్తే టేకు, వెదురు కమ్ముకున్న గుట్టలు. ఆ గుట్టల మీద కురిసిన వాన కడెం వాగై గోదావరిలో కలిసి, దిగువన మన ఎల్లంపల్లి జలాశయానికే చేరుతుంది. కవ్వాల్ బాగోగులు బొగ్గుబాయి ఊళ్లకూ సంబంధించిన విషయమే.

1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యంగా మారింది. కోర్ ప్రాంతమే దాదాపు 893 చదరపు కిలోమీటర్లు. దుప్పులున్నాయి, అడవిదున్నలున్నాయి. పుష్కరం దాటినా పులి మాత్రం అక్కడ స్థిరపడలేదు. లోపం కవ్వాల్‌లో కన్నా అక్కడికి చేరే దారిలోనే ఎక్కువ.

తల్లిని విడిచిన తడోబా పులి సొంత జాగా వెతుక్కుంటూ మహారాష్ట్ర దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంది. ఫాల్గుణ అని పేరుపెట్టిన ఆడపులి అక్కడే పిల్లలను కన్నది. అక్కడి నుంచి కవ్వాల్ వైపు కదలాలంటే బల్లార్షా రైలుమార్గం, నాలుగు వరుసల జాతీయ రహదారి, వాటి నడుమ పత్తి చేలు అడ్డం. నవంబరులో పత్తి ఏపుగా ఉంటుంది. ఏరేవాళ్లు నడుం వంచి ఉంటారు. పక్క సాలులో ఏముందో కనిపించదు. 2020 నవంబరులో ఇద్దరు, 2024 నవంబరులో ఓ యువతి పులి దాడికి బలైపోయారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయాయి. పశువు కళేబరానికి విషం పెట్టిన కేసులో అరెస్టులూ జరిగాయి. మనిషి ప్రాణానికీ, చచ్చిన ఎద్దుకూ సర్కారు నుంచి వెంటనే భరోసా అందకపోతే ఆ విషం మళ్లీ బయటికొస్తుంది.

ఈ దారిని కాపాడాలని 2025 మే నెలలో ప్రభుత్వం జీవో 49 ఇచ్చి కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించింది. ఆదివాసులు రోడ్డెక్కారు. జులైలో ఆ జీవోను పక్కన పెట్టారు. జల్, జంగల్, జమీన్ కోసం జోడేఘాట్‌లో 1940లో ఆ కుమురం భీం నెత్తురు చిందిన నేల ఇది. అడవిపై పైనుంచి దిగే కాగితమంటే ఇక్కడ అనుమానం రాకుండా ఉండదు. నా దృష్టిలో ఉద్దేశం సరైనదే, పద్ధతే తప్పు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఏ సెక్షన్ ప్రకారం స్థానికులతో సంప్రదించాకే ఇలాంటి రిజర్వు ప్రకటించాలి. 36బీ ప్రకారం నిర్వహణ కమిటీలో ప్రతి గ్రామ పంచాయతీకి ఓ ప్రతినిధి ఉండాలి. పోడు పట్టాలు పోతాయా, వంటచెరకు తెచ్చుకోనిస్తారా, ఊరు ఖాళీ చేయమంటారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఊళ్లో గ్రామసభ పెట్టి, గోండు, కొలాం మాటల్లో, రాతపూర్వకంగా చెప్పాలి.

జీవోను మళ్లీ తెచ్చే ఆలోచన ఉంటే, ముందు ఈ గ్రామసభలు పెట్టాలి. వచ్చే పత్తి ఏరుడు మొదలయ్యేలోపే పెట్టాలి.