గుడ్డ రెక్కల గాలిమర – మన తీరానికి పనికొస్తుందా?

గాలి చేత పని చేయించుకోవడం మన కృష్ణా తీరానికి కొత్త విద్య కాదు. తెరచాప ఎత్తి సముద్రం మీదికి పోయిన జాలర్లు, కళ్ళంలో గాలి కోసం ఎదురు చూసి చేటతో ధాన్యం తూర్పారబట్టిన రైతులు, అందరూ గాలిని నమ్ముకున్నవాళ్ళే. ఈనాడు పడవకు ఇంజను వచ్చింది, నూర్పిడికి మిషను వచ్చింది. గాలి మాత్రం చేతిలో పనిలేక తిరుగుతోంది. గాలి అన్న మాట వింటే దివిసీమ పెద్దలకు గుర్తొచ్చేది 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఒక్కటే. వేలాది ప్రాణాలు తీసిన ఆ గాలిని మరిచిపొమ్మని ఎవరూ అనలేరు. కాని ఏడాదిలో మిగతా రోజుల గాలి సంగతేమిటి? ఆ గాలితో చిన్న చిన్న పనులు చేయించుకోవచ్చని, అందుకు కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదని నా అభిప్రాయం.

గాలిమర అనగానే అనంతపురం వైపు రామగిరి కొండల మీద కనిపించే ఎత్తయిన స్తంభాలు, పొడుగాటి మూడు రెక్కలు మనకు గుర్తొస్తాయి. వాటి ఇరుసు అడ్డంగా ఉంటుంది. గాలి ఎటు మళ్ళితే యంత్రం అటు ముఖం తిప్పుకోవాలి. నేను చెప్పేది అది కాదు. ఇరుసు నిలువుగా, మజ్జిగ చిలికే కవ్వంలాగా నిలబడి తిరిగే గాలిమర. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా దీనికి ఒకటే. పగలు సముద్రం మీదినుంచి, రాత్రి నేల మీదినుంచి గాలి మళ్ళే బందరు తీరానికి ఇంతకంటే సుగుణం ఏం కావాలి? పైగా పంపు, పళ్ళచక్రాలు అన్నీ నేల మీదే ఉంటాయి. బాగుచేయాలంటే స్తంభం ఎక్కనక్కర్లేదు.

ఇది ఎవరి పగటికలా కాదు. ఇరాన్‌లోని సీస్తాన్ ప్రాంతంలో వెయ్యేళ్ళ కిందటే నిలువు ఇరుసు గాలిమరలు పిండి విసిరాయి. చైనా తీరంలో ఉప్పు మళ్ళకు నీళ్ళు తోడడానికి నిలువు ఇరుసు చుట్టూ పడవ తెరచాపలే కట్టి తిప్పారు. 1920లలో ఫిన్లాండుకు చెందిన సవోనియస్, పీపాను నిలువునా రెండుగా చీల్చి పక్కకు జరిపినట్టుండే చక్రాన్ని తయారుచేశాడు. ఆ చక్రానికే రేకు బదులు గుడ్డ తెరచాపలు కట్టి, తక్కువ ఖర్చుతో నీళ్ళు తోడే గాలిమరను బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.పి. గోవిందరాజు, రొద్దం నరసింహ గార్లు రూపొందించి, 1979లో వివరాలు ప్రచురించారు. విమానాల శాస్త్రం తెలిసినవాళ్ళు రైతు బావి గురించి ఆలోచించడం మనం గమనించాల్సిన విషయం.

ఇక లెక్కకు వద్దాం. రెండు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న గాలిమర అనుకుందాం. సెకనుకు 5 మీటర్ల గాలి వీస్తే దాని మీదుగా పోయే శక్తి సుమారు 300 వాట్లు. అందులో పదో వంతే నీళ్ళు ఎత్తే పనికి దక్కిందనుకున్నా 30 వాట్లు. రెండు మీటర్ల లోతు నుంచి గంటకు 5 వేల లీటర్లు పైకొస్తాయి. ఎకరానికి సరిపడే నారుమడి అయిదు సెంట్లు. దాని మీద రెండంగుళాల నీళ్ళు నిలపడానికి కావలసింది 10 వేల లీటర్లు, అంటే రెండు గంటల పని. ఎకరం మొత్తానికి తడి పెట్టాలంటే మాత్రం ఇది చాలదు. ఆ ఆశ ఎవరికీ పెట్టకూడదు.

మాది కాలువ చివరి భూములున్న కుటుంబం. చివరి భూములంటే ఏమిటో ఆ రైతులకే తెలుసు. పైవాళ్ళకు నాట్లు పడుతున్నప్పుడు మాకు నారుమడికే నీళ్ళుండవు. మురుగు కాలువలో ఆయిలింజను పెట్టి తోడుకోవడమే. అయిదు సెంట్ల మడి కోసం అయిదు హార్సుపవరు ఇంజను, డీజిలు డబ్బా మోసుకుపోవాలి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే కదా! సరిగ్గా ఆ జూన్, జూలై నెలల్లోనే నైరుతి గాలి జోరుగా ఉంటుంది. అవసరమూ గాలీ ఒకే రుతువులో కలిసొస్తున్నాయి. అయితే ఒక మాట: సముద్రానికి దగ్గర్లో ఉప్పు తగిలిన నీళ్ళను ఏ యంత్రం తోడినా ఉప్పే. ముందు నీళ్ళు పరీక్ష చేయించుకోవాలి.

సోలారు పలకలు చవకయ్యాయిగా, ఇంకా ఈ గుడ్డలెందుకని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో దీపాలకు, సెల్ ఫోనుకు సోలారే మేలని నేనూ ఒప్పుకుంటాను. ఈ గాలిమర నిమిషానికి యాభై చుట్లలోపే తిరుగుతుంది. దాంతో కరెంటు తీయాలంటే నిదానంగా తిరిగే జనరేటరో, పళ్ళచక్రాలో కావాలి, ఖర్చు పెరుగుతుంది. కాని నెమ్మదిగా, బలంగా తిరగడమే నీళ్ళ పంపుకు కావలసిన గుణం. మబ్బు పట్టిన రోజూ, రాత్రిపూటా గాలి ఉంటే చాలు, పని సాగుతుంది. సరుగుడు వాసాలు, బేరింగులు, గుడ్డ ఉంటే ఊళ్ళో వడ్రంగి, వెల్డింగు షాపు, దర్జీ కలిసి తయారుచేయగలరు. చిరిగితే కుట్టించుకోవచ్చు.

తుఫాను వస్తే? గాలి వేగం పదింతలైతే దాని ఒత్తిడి నూరింతలు. గంటకు 180 కిలోమీటర్ల గాలిలో మన నాలుగు చదరపు మీటర్ల రెక్క మీద ఆరువందల కిలోల బరువు పడ్డట్టే. రేకు రెక్కలైతే ఊడి ఎవరి మీద పడతాయో చెప్పలేం. గుడ్డయితే విప్పి, మడిచి, ఇంట్లో దాచుకోవచ్చు. 1977లో జనానికి ఆ వ్యవధి దొరకలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను కబురు ముందే ఊరూరా తెలిసింది. మన బందరులోనే వాతావరణ శాఖ రాడారు ఉంది. అందరూ బలహీనత అనుకునే గుడ్డే ఈ తీరంలో దాని బలం.

అయినా నా మాట నమ్మి ఎవరూ రూపాయి ఖర్చు పెట్టవద్దు. ముందు గాలిని కొలవాలి. గాలి వేగం సెకనుకు మూడు మీటర్లకు పడిపోతే, నేను చెప్పిన నీళ్ళలో అయిదో వంతే వస్తాయి. నాగాయలంక గాలి గుడివాడలో ఉండకపోవచ్చు. కాబట్టి విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒక్కటే. గుడివాడ, బందరు, నాగాయలంకల్లో ఒకే ఎత్తున మూడు ఎనిమోమీటర్లు నిలబెడదాం. ఆ ఊళ్ళ నుంచి వచ్చే విద్యార్థులం వంతులు వేసుకొని ఏడాదిపాటు లెక్క రాద్దాం. భౌతికశాస్త్ర అధ్యాపకులు సరిచూస్తారు, వృత్తుల్లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు పరికరాలకు తలా ఒక చెయ్యి వేస్తారు. గాలి చాలిన చోట ఒక్క గాలిమర కడదాం, చాలని చోట వద్దని రైతుకు నిజం చెబుదాం. రెండూ సేవే.

వచ్చే ఏటి సంచికలో ఈ విషయం మీద ఎవరు రాసినా, అభిప్రాయం కాదు, అంకెలు రాయాలని నా కోరిక.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి