రీసెట్ కాదు, అడాప్టర్ మార్చండి
ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్ డబ్బా మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోందంటే కస్టమర్ కేర్ మొదటి సలహా 'రీసెట్ కొట్టండి'. ఉన్న సెట్టింగులు పోవడం తప్ప దాంతో ఒరిగేది తక్కువ. లైట్లు ఎప్పుడు ఆరుతున్నాయో చూడండి. సరిగ్గా ఫోన్ మోగబోయేటప్పుడే అయితే నా అనుమానం ప్లగ్గులోని కరెంటు అడాప్టర్ మీదే. గంట మోగాలంటే 12 వోల్టులతో నడిచే ఆ డబ్బా ఫోన్ తీగలోకి 60, 70 వోల్టులు పంపాలి. లోపల కెపాసిటర్ ఎండిపోయిన అడాప్టర్ ఆ బరువు మోయలేక చతికిలబడుతుంది. మామూలప్పుడు మాత్రం మహా బుద్ధిమంతురాలు, మీటర్ పెడితే చక్కగా 12 చూపిస్తుంది! (మెకానిక్కుకూ దొరకనిది అందుకే.) కొత్తది కొనేటప్పుడు వోల్టులు, పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తు పాతదానితో సరిపోవాలి, ఆంపియర్లు ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువైతే మాత్రం కొనకండి.