స్పానిషు భాషలో “ఉన్నచో”



మా చెల్లెలు మాడ్రిడ్ నగరమున కాపురమున్నది. ఇటీవల ఆమెకు ప్రసవమైనది. అత్తగారు కన్నతల్లివలె సాకుచున్నారు. ఆమెకు స్పానిషు తప్ప వేరుభాష రాదు. కృతజ్ఞత తెలుపుటకై వారి భాషలోనే వ్రాయనెంచి, “మా తల్లి బ్రతికియున్నచో మీతో మాట్లాడెడిది” అను వాక్యమును “సి మి మాద్రె బిబె” అని యారంభించితిని. చెల్లెలు దానిని ముందుగా చూచి, “అక్కా, అమ్మ యున్నదో లేదో మనకే తెలియనట్లు అర్థమగుచున్నది. బిబ్యేర యని దిద్దుము” అని వ్రాసినది. నా మనసు చివుక్కుమన్నది.

మనకు “ఉన్నచో” అను చేదర్థకమొక్కటే రెంటికిని చాలును. లేదన్న సంగతిని తరువాతి క్రియ తెలుపును. స్పానిషున “సి” వెంటనున్న క్రియయే రూపు మార్చుకొనును. సంస్కృతమున క్రియాతిపత్తికి ఌఙ్ లకారము ప్రత్యేకముగా నున్నది కదా!

రూపసిద్ధి సులభము. “వారు మాట్లాడిరి” అనుటకు అబ్లారొన్, “తినిరి” అనుటకు కొమ్యేరొన్, “జీవించిరి” అనుటకు బిబ్యేరొన్. వీని తుది “రొన్” తీసివేసి, వరుసగా ఈ ప్రత్యయములు చేర్పవలెను: నేను – ర, నీవు – రస్, అతడు లేక ఆమె – ర, మేము – రమొస్, మీరు – రయిస్, వారు – రన్. అబ్లార, అబ్లారస్, అబ్లార, అబ్లారమొస్, అబ్లారయిస్, అబ్లారన్ అని యగును. “ర”కు మారుగా “సె” గల అబ్లాసె మొదలగు రూపములును కలవు.

ఊనిక ఆరింటను “బ్లా” మీదనే యుండవలెను. వ్రాతలో మాత్రము “మేము” రూపమునకే ఊనికగుర్తు పెట్టుదురు. ఊనికను తుదకు జరిపి “అబ్లరా” యన్నచో “మాట్లాడగలడు” అను భవిష్యదర్థము వచ్చును. లేనిదానికిని రాబోవుదానికిని భేదమంతయు ఆ యూనికలోనే యున్నది.

గడచిన కోరికలకును ఈ రూపమే. “నీవు తినవలెనని అమ్మ కోరెడిది” అనుటకు “మి మాద్రె కెరీయ కె కొమ్యేరస్” అందురు. “మాట్లాడుచున్నట్లు” అను పోలికకు “కోమొ సి అబ్లార”. అరబ్బీ నుండి వచ్చిన “ఒహలా” అను మాట ముందుంచి “ఒహలా బిబ్యేర” యన్నచో “బ్రతికియుండిన నెంత బాగుండును!” అని యర్థము.

తుదకు నా వాక్యమిట్లు కుదిరినది: “సి మి మాద్రె బిబ్యేర, అబ్లరీయ కొన్ ఉస్తెద్.” అత్తగారు దానిని రెండుమారులు చదివించుకొని, బిడ్డను మా చెల్లెలి యొడినుండి తీసికొని, “మీ అమ్మ మాటలు కూడ నేనే చెప్పెదను” అన్నారట.

కొమేర్, బిబీర్ క్రియల ఆరు రూపములను మీరే వ్రాసి చూచుకొనుడు.