నానీ ఎక్కడ కూర్చుంటది?

మా భాంజా జెద్దాలో ఏడేండ్లు కష్టపడి సిద్దిపేటకు తిరిగొచ్చిండు. రెండో రోజే ఫోన్ నా ముందుకు తోసి, "మామూ, బీవైడీ సీల్ పర్ఫార్మెన్స్ వందకు 3.8 సెకన్లు. మహీంద్రా బీఈ 6 అయితే 6.7. ఇగ ముకాబలా ఏముంది?" అన్నడు. ధర దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది. 2024 మార్చిలో వచ్చినప్పుడు సీల్ షోరూమ్ ధరే 53 లక్షలు. వాడి కమాయి అందులో సగం కూడా కాదు. మిగిలింది సూద్ మీద ఖర్జ్.

నేను షౌక్‌కు ఖిలాఫ్ కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే పోయి చూసిన. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిండు. ఆ కార్లు గంటకు 322 కిలోమీటర్ల దాకా పోగలవు. కానీ రేసంతా తొక్కిపట్టి నడిపితే బ్యాటరీ ఆఖరిదాకా రాదు. అందుకే మలుపు రాకముందే కాలు తీస్తరు, బండి నెమ్మదించే జోరు నుంచే కరెంటు వెనక్కి నింపుకుంటరు. రేసుకు ఖర్చయ్యే కరెంటులో దాదాపు 40 శాతం అట్లనే వస్తది. అక్కడ కూడా హిసాబ్ తెలిసినోడిదే బాజీ. మా పోరగాండ్లకు రీల్స్‌లో కనబడేది మాత్రం జోరొక్కటే.

ఇంకో ముచ్చట. జర్మనీల నూర్బుర్గ్‌రింగ్ అని 20.8 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. 2023లో టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్ దాన్ని 7 నిమిషాల 25 సెకన్లల్ల చుట్టింది. తర్వాత పోర్షే టైకాన్ 7 నిమిషాల 7 సెకన్లకు దించింది. మావోడు ఈ నంబర్లు కలిమా లెక్క అప్పజెప్తడు. ట్రాక్ కోసమని అమ్మే టైకాన్ టర్బో జీటీ వైసాక్ ప్యాకేజీల వెనక సీట్లే ఉండవని మాత్రం తెల్వదు! బరువు తగ్గాలని తీసేసిండ్రు. "మరి నానీని డిక్కీల కూర్చోబెడ్తవా?" అనడిగిన. నవ్విండు గానీ జవాబు ఇయ్యలె.

ట్రాక్ మీద సీలే గెలుస్తది, ఇన్కార్ చెయ్య. మరి ట్రాక్ ఏది బేటా? కార్లు తిప్పే పెద్ద ట్రాక్ కావాలంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై దాకా పోవాలె. మనకున్నది రాజీవ్ రహదారి. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, మిగిలిన సగంల బర్లు. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్. నేలకు ఆనినట్టుండే సెడాన్ కడుపు ఎక్కడ గీరుకుంటదో అల్లాకే తెలుసు. బీఈ 6కు కింద 207 మిల్లీమీటర్ల జాగా ఉంది. దాని టాప్ మోడల్ కూడా మొదట 26.9 లక్షలే. అట్లని అది ఫరిష్తా కాదు. కంపెనీ చెప్పే 682 కిలోమీటర్లు పరీక్షల లెక్క. మే ఎండల ఏసీ పెట్టి, నలుగురిని ఎక్కించుకొని, నూటపదిల పోతే అంత రాదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగింతలైతది మరి.

"రోడ్ ట్యాక్స్ కూడా మాఫీ కదా మామూ" అన్నడు. నిజమే, 2024 నవంబర్ 18 నుంచి మన రాష్ట్రంల కరెంటు బండ్లకు మాఫీ. రోజంతా తిరిగి పొట్ట పోసుకునే ఆటోకూ మాఫీనే, 53 లక్షల షాన్‌కూ మాఫీనే. ఇదేం ఇన్సాఫో సర్కారునే అడగాలె.

జుమ్మా తర్వాత బీఈ 6 టెస్ట్ డ్రైవ్‌కు పోతున్నం. మా అమ్మీని వెనక సీట్ల కూర్చోబెట్టుకొని కోమటిచెరువు దాకా. ఎక్కి దిగేటప్పుడు ఆమె మోకాళ్లు ఏమంటాయో అది కూడా ఫోన్‌ల రాసుకోమని భాంజాకు చెప్పిన.