నెర్రెకు తేదీ వేయండి

మా పుట్టిల్లు వేములఘాట్‌లో మట్టిగోడల పెంకుటిల్లు. ఎండాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల బావులు లోతు చేయించేవాళ్లు. అడుగున రాయి తగిలితే తోటలు పెట్టి పేల్చాల్సిందే. "తోటలు పేలుస్తుండ్రో, దూరం జరగుండ్రి" అని కేక వినపడగానే అమ్మ అరలోని గాజుగ్లాసులన్నీ కింద పెట్టేది. చప్పుడయ్యాక పైనుంచి రాలిన మట్టి ఊడ్చి, గోడ వెంట చేత్తో తడుముకుంటూ తిరిగేది. "ఈ నెర్రె నిన్న లేదు" అనేది. "నీకన్నీ అనుమానాలే" అని నాన్న నవ్వేవాడు.

అమ్మ తడిమే చోటు మాత్రం ఎప్పుడూ దర్వాజా మూలే! భూమిలో పేలుడు జరిగితే ఆ కుదుపు రాతిలోంచి పునాదికి చేరుతుంది. పునాది కదులుతుంది, బరువైన పైకప్పు వెనకబడుతుంది. మధ్యలో నలిగేది గోడ. ఆ ఒత్తిడంతా తలుపుల, కిటికీల మూలల్లో పోగవుతుంది. అందుకే అక్కడ మొదలై ఏటవాలుగా పాకుతుంది నెర్రె. కుదుపు నిదానంగా ఊగించేదైతే మరీ ప్రమాదం, ఇల్లు దానితో పాటు ఊగుతుంది.

గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో దీనికి హద్దులు పెట్టింది. గని యజమానివి కాని ఇళ్ల దగ్గర, కుదుపు సెకనుకు 8 సార్లలోపు ఊగేదైతే నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 25 సార్లకు మించి ఊగేదైతే 15 దాకా ఫరవాలేదట. మట్టిల్లయినా సిమెంటిల్లయినా ఒకే లెక్క! ఇది నాకు మింగుడు పడదు. మా అమ్మ ఇల్లూ, పిల్లర్లేసిన మేడా ఒకటేనా?

సత్తుపల్లిలో ఓపెన్‌కాస్ట్ పేలుళ్లకు ఇళ్లు బీటలిస్తున్నాయని అక్కడి కాలనీలవాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఇలాంటి చోటల్లా వినపడే జవాబు ఒకటే: "మీ ఇల్లే పాతది". నిజమే, ప్రతి నెర్రె పేలుడుదే కాదు. నల్లరేగడి నేల ఎండినా గోడ విచ్చుకుంటుంది. గిన్నెలు మోగినంత మాత్రాన గోడ పగిలినట్టూ కాదు. అయితే తేల్చేదెలా? పేలుళ్లు మొదలు కాకముందే ఇల్లాలి ఎదుట గోడగోడకూ ఫొటో తీయాలి. పేల్చిన రోజు మీటరు చూపిన అంకె తెలుగులో రాసి ఆమె చేతికివ్వాలి.

అంతవరకూ మీరే ఓ పెన్సిల్ తీసుకుని నెర్రె కొసన గీతగీసి తేదీ వేయండి. అడ్డంగా సన్నని గాజుముక్క అతికించండి. అది పగిలిందంటే నెర్రె ఇంకా కదులుతోందన్నమాట.

మా అమ్మ అలా రాసి పెట్టలేదు. 2021లో ఊరు ఖాళీ అయింది, మల్లన్నసాగర్‌లో కలిసిపోయింది. ఇప్పుడు చూపిద్దామన్నా ఆ గోడ లేదు.