ఈసుకుపోయిన గేదె ఏ లెక్కలోకి వస్తుంది?

ఏడో నెల చూడి గేదె ఈసుకుపోతుంది. మాయ పడదు. ఇంట్లో ఎవరో ఒకరు వట్టి చేత్తో లాగేసి పెంటకుప్ప మీద పడేస్తారు. వేడి చేసిందనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకుంటారు. నెత్తురు తీసి పరీక్షకు పంపాలన్న ఆలోచన ఎవరికీ రాదు. పశువులకు ఇలా గర్భస్రావం తెచ్చే బ్యాక్టీరియా జబ్బు బ్రూసెల్లోసిస్ మన పాడిపశువుల్లో ఎంత ఉందో గట్టిగా చెప్పలేకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ జబ్బు దాక్కోవడంలో దిట్ట. సోకిన పశువు చాలావరకు ఒక్కసారే ఈసుకుపోతుంది. తర్వాతి ఈతలో మామూలుగానే దూడను వేస్తుంది, పాలూ ఇస్తుంది. రైతు జబ్బు పోయిందనుకుంటాడు. బ్యాక్టీరియా మాత్రం పొదుగులో, లింఫ్ గ్రంథుల్లో ఉండిపోయి పాల ద్వారా, ఈనినప్పుడు వచ్చే స్రావాల ద్వారా బయటపడుతూనే ఉంటుంది. సర్వేల్లో పశువుల వారీగా లెక్కేస్తే శాతం చిన్నదిగా కనబడుతుంది. మందల వారీగా చూస్తే అదే జబ్బు చాలా పెద్దది. పరీక్ష చేయకుండా సంతలో కొన్న ఒక్క ఆవు చాలు, కొట్టమంతా అంటుకోవడానికి.

కొన్ని దేశాలు సోకిన పశువులను ఏరివేసి, రైతుకు పరిహారమిచ్చి దీన్ని వదిలించుకున్నాయి. గోవధ నిషేధం ఉన్న మన రాష్ట్రాల్లో ఆ దారి పట్టడం కష్టం. పరిహారమూ లేదు కాబట్టి ఆ పశువు మళ్లీ సంతకే చేరుతుంది. ఇక మిగిలింది టీకా. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఎస్-19 టీకా వేస్తారు. జీవితంలో ఒక్కసారే. ఆ నాలుగు నెలలు దాటితే అవకాశం పోయినట్టే. ఇది బతికున్న బ్యాక్టీరియాతో చేసిన టీకా కాబట్టి చూడి పశువులకు వేయకూడదు.

ఈ జబ్బు మనుషులకూ అంటుకుంటుంది. పచ్చిపాలు తాగినవాళ్లకు, మాయ లాగినవాళ్లకు విడిచి విడిచి జ్వరం, రాత్రుళ్లు చెమటలు, కీళ్లనొప్పులు పట్టుకుంటాయి. టైఫాయిడ్ అనుకుని మందులు మింగుతారు. అసలు చికిత్సకు రెండు రకాల యాంటీబయాటిక్స్ కనీసం 6 వారాలు వాడాలి.

అంటువ్యాధి అనుమానం ఉంటే పశువు యజమాని తెలియజేయాలని 2009 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. పరీక్షలో తేలితే అమ్ముకోలేనని భయపడే రైతు ఎందుకు చెబుతాడు? నష్టాన్ని ప్రభుత్వం పంచుకోవాలి, ఈసుకుపోయిన ప్రతి పశువుకూ ఉచితంగా రక్తపరీక్ష చేయాలి. రైతులు కూడా మాయను వట్టి చేత్తో ముట్టుకోవద్దు. సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి, పాలు కాచే తాగండి, అదే రోజు పశువైద్యుడికి కబురు పెట్టండి.