ఓడ ఆగింది... మరి ఒడ్డుకెలా?

సముద్రం లేని ఊరు హైదరాబాద్. అందుకేనేమో, ఇక్కడివాళ్లకు అలలంటే అంత మోజు! ఎల్బీనగర్ చౌరస్తాలో రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి కోస్తాలో దిగి, సూర్యలంకలోనో మంగినపూడిలోనో మునకేసి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడా మోజు ఓడెక్కింది. సింగపూర్ టూరులో మూడు రాత్రుల క్రూయిజ్. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తే, ఫ్లోరిడా నుంచి బహమాస్ దీవులు. అంత దూరం వద్దనుకుంటే మన లక్షద్వీప్. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం ఇళ్లలో సెలవుల కబుర్లలోకి ఈ పేర్లన్నీ వచ్చి చేరాయి.

టికెట్లు తీసుకునే ముందు అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. శాకాహారం దొరుకుతుందా? బాల్కనీ గదికి ఎంత ఎక్కువ? చిన్నపిల్లలకు టికెట్ ఉందా? కానీ ఆ గుంపులో మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మో, చంటిబిడ్డ తల్లో, వీల్‌చెయిర్‌లో తాతయ్యో ఉంటే వీటన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. చాలామంది అడగనిదీ అదే.

'బీచ్ దగ్గర ఓడ ఒడ్డుకు ఆనుతుందా? పడవ మారాలా?'

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఇంటిల్లిపాదీ ఇసుకలో అడుగుపెడతారో, పెద్దవాళ్లు పై అంతస్తులో కూర్చుని దూరం నుంచి చూస్తారో ముందే తేలిపోతుంది.

మెట్రోలా... ఆర్టీసీ బస్సులా!

ఓడ ఆగే పద్ధతులు రెండు. మొదటిది, జెట్టీకి ఆనుకుని నిలబడటం. తాళ్లతో కట్టేస్తారు. ఓడ తలుపు నుంచి జెట్టీ మీదికి చిన్న వంతెన వేస్తారు. నడిచి దిగిపోవడమే! వీల్‌చెయిర్ అయితే నెట్టుకుంటూ వెళ్లొచ్చు. ఆటుపోట్లను బట్టి వంతెన కాస్త వాలుగా ఉండొచ్చు, అంతే.

రెండోది, ఒడ్డుకు దూరంగా లంగరు వేయడం. అక్కడ నీటి లోతు చాలదు, లేదా అంత పెద్ద ఓడకు సరిపడే రేవు ఉండదు. అప్పుడు ప్రయాణికులను చిన్న పడవల్లో తీరానికి చేరుస్తారు. మనకు టెండరంటే రోడ్డు కాంట్రాక్టు గుర్తొస్తుంది కానీ, ఓడ భాషలో 'టెండర్' అంటే ఈ పడవే. ఓడ కింది అంతస్తుకు దిగాలి. అక్కడ పక్కగోడలోని తలుపు తెరిచి ఉంటుంది. దాని పక్కనే పడవ. ఓడ నిలకడగా ఉన్నట్టే ఉంటుంది కానీ, పడవ మాత్రం అలకో లేపు లేస్తుంటుంది. అది పైకి వచ్చిన క్షణం చూసి కాలు పెట్టాలి.

తేడా తెలియాలంటే ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌ను, దాని కింద ఆగే ఆర్టీసీ బస్సును చూస్తే చాలు. మెట్రోలో లిఫ్టు ఉంది, ప్లాట్‌ఫామూ బోగీ ఒకే ఎత్తులో ఉంటాయి. మొదటి పద్ధతి అలాంటిది. బస్సు పూర్తిగా ఆగకముందే ఫుట్‌బోర్డు ఎక్కాల్సి రావడం రెండోది. వయసులో ఉన్నవాళ్లకు సరదా. మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్లకు పరీక్ష!

ఎక్కేటప్పుడు సిబ్బంది చెరోపక్క నిలబడి చేయి అందిస్తారు. ఎత్తుకుని దించమంటే మాత్రం సాధారణంగా ఒప్పుకోరు. మనిషి కొన్ని అడుగులైనా సొంతంగా వేయగలగాలన్నది చాలా కంపెనీల షరతు. బ్యాటరీతో నడిచే బరువైన వీల్‌చెయిర్లను, స్కూటర్లను పడవలోకి రానివ్వని ఓడలే ఎక్కువ. మడతపెట్టే మామూలు వీల్‌చెయిర్‌కు అవకాశం ఉంటుంది. అదీ ఆ రోజు అలలు ఎలా ఉన్నాయో చూశాకే. తుది నిర్ణయం ఓడ వాళ్లదే. కొన్ని ఓడల్లో మాత్రం వీల్‌చెయిర్‌ను పడవలోకి చేర్చే ప్రత్యేకమైన లిఫ్టు ఉంటుంది. బుక్ చేసేటప్పుడే ఆ సంగతి అడగాలి.

ఇదంతా ముందుగా తెలియకపోతే ఏమవుతుంది? తలుపు దాకా వచ్చిన పెద్దావిడ, ఎగిరెగిరి పడుతున్న పడవను చూస్తుంది. వెనక వంద మంది వరసలో ఉన్నారు. పిల్లలు తొందరపడుతున్నారు. 'నేను ఓడలోనే ఉంటాలే, మీరు వెళ్లిరండి' అనేస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు అలవాటైన మాటే అది. నలుగురికీ ఇబ్బంది కాకూడదని తమ సరదాను పక్కన పెట్టేస్తారు. తప్పు మోకాళ్లది కాదు. అదే డబ్బుతో, అవే సెలవుల్లో, ఓడ ఆనే రేవున్న యాత్రను ఎంచుకునే వీలు చాలాసార్లు ఉంటుంది. ఎవరూ అడగలేదు, అంతే.

ఏ తీరంలో ఎలా?

ఫ్లోరిడా నుంచి బయల్దేరే ఓడల్లో రెండు రకాలూ ఉన్నాయి. బహమాస్ రాజధాని నాసావులో, మెక్సికో వైపు కోజుమెల్‌లో ఓడ రేవుకు ఆనుతుంది. రాయల్ కరీబియన్ వాళ్ల కోకోకే దీవికి 2018లో జెట్టీ వచ్చింది. అంతకు ముందు పడవలే దిక్కు. ఇప్పుడు నడిచి దిగి, దీవిలో తిరిగే ఉచిత ట్రామ్ ఎక్కొచ్చు. డిస్నీ వాళ్ల కాస్టవే కేలో మొదటి నుంచీ ఓడ ఒడ్డుకే వస్తుంది. ఇసుకలో నడిచే వెడల్పు చక్రాల వీల్‌చెయిర్లు అక్కడ ఉచితం. కాకపోతే ముందు వచ్చినవాళ్లకే! అదే గ్రాండ్ కేమన్ అయితే పడవ తప్పదు. అక్కడ ఓడలకు రేవు కట్టాలా అని 2025 ఏప్రిల్‌లో ప్రజల అభిప్రాయం అడిగితే, జనం వద్దన్నారు. బెలీజ్‌లో పగడపు దిబ్బల వల్ల నీరు లోతు తక్కువ. ఓడ చాలా దూరంలోనే ఆగిపోతుంది. పడవ ప్రయాణమే 20 నిమిషాల దాకా పడుతుంది.

సింగపూర్ నుంచి వెళ్లే ఓడల్లో పెనాంగ్ హాయి. రేవు దిగితే జార్జ్‌టౌన్ ఊరే ఎదురవుతుంది. ఫుకెట్‌లో పతోంగ్ బీచ్ ముందు లంగరు వేసే ఓడల నుంచి పడవలోనే వెళ్లాలి. కాబట్టి రెండు యాత్రలు ఒకే ధరలో కనిపించినా, ఇంట్లో పెద్దవాళ్లకు అవి ఒకటి కావు.

ఇక మన దేశం. లక్షద్వీప్ దీవుల చుట్టూ పగడపు దిబ్బలు, వాటి మధ్య మోకాటి లోతు నుంచి మొదలయ్యే నీలిరంగు సరస్సులు. చూడ్డానికి ఎంత అందమో, పెద్ద ఓడకు అంత అడ్డు. 2021లో ముంబయి నుంచి మొదలైన కార్డీలియా క్రూయిజ్ ఓడ లక్షద్వీప్ వెళ్లినప్పుడు అగత్తికి దూరంగా ఆగి, జనాన్ని పడవల్లో పంపింది. కొచ్చి నుంచి ఎంవీ కవరత్తి ఓడలో అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ 'సముద్రం' పేరుతో నడుపుతూ వచ్చిన యాత్రలోనూ ఓడ నుంచి పడవలోకి మారాల్సిందే. కాళ్లు సహకరించని వాళ్లకు ఇది పెద్ద గండం.

విశాఖలో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడికి వచ్చే ఓడ నేరుగా రేవుకే ఆనుతుంది. కొచ్చి, గోవా, ముంబయి రేవులూ అంతే. వీటిలో బీచ్ ఓడ పక్కనే ఉండదు, కారులో వెళ్లాలి. కానీ ఒక వృద్ధురాలికి ఎగిరే పడవకన్నా ఏసీ కారే నయం కదా!

ఇసుకలో చక్రం తిరగదు

ఒడ్డుకు చేరడంతో కథ అయిపోదు. జెట్టీ దాటాక ఇసుక. మామూలు వీల్‌చెయిర్ సన్నటి చక్రాలు పది అడుగులు పోకముందే కూరుకుపోతాయి. వాకర్ కాళ్లు దిగబడతాయి. కాబట్టి 'బీచ్‌లో గట్టి దారి ఎక్కడిదాకా ఉంది?' అన్నది రెండో ప్రశ్న.

మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో, 260 మీటర్లకు పైగా పొడవున్న చెక్క దారి వేశారు. రోడ్డు నుంచి అలల దగ్గరికి వీల్‌చెయిర్ సాఫీగా వెళ్తుంది. మరుసటి నెలలోనే మాండూస్ తుపానుకు దెబ్బతింటే మళ్లీ బాగుచేశారు. అన్నేళ్లూ సముద్రాన్ని రోడ్డు మీంచే చూసినవాళ్లు నీళ్ల దాకా వెళ్లగలిగారు. ఓడ ఎక్కే స్తోమత లేకపోయినా, రైలెక్కి వెళ్లి చూసి రాదగిన చోటు అది.

ముందు మన నీళ్లలో...

లక్షలు పోసి టికెట్లు కొనే ముందు ఒక చిన్న రిహార్సల్ చేస్తే మంచిది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి, ఆటోలో లుంబినీ పార్కుకు వెళ్లండి. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పడవ ఎక్కండి. అలలు పెద్దగా ఉండవు. అయినా కదిలే పడవలోకి కాలు వేయడం అమ్మకు ధైర్యంగా ఉందా, నాన్నకు కళ్లు తిరుగుతున్నాయా అన్నది తెలిసిపోతుంది.

అది బాగుంటే తర్వాతి మెట్టు నాగార్జునసాగర్. ఎల్బీనగర్ పక్కనున్న సాగర్ రింగ్ రోడ్డు నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండకు లాంచీలో ముప్పావుగంట నుంచి గంట. లాంచీ ఎక్కడం, ఎండలో వరసలో నిలబడటం, దీవిలో నడవడం, తిరుగు లాంచీ కోసం చూడటం... క్రూయిజ్‌లో ఉండేవన్నీ ఇక్కడా ఉన్నాయి. నీటిమట్టాన్ని, వాతావరణాన్ని బట్టి లాంచీలు ఆగుతుంటాయి కాబట్టి కనుక్కుని వెళ్లాలి.

ఎక్కడైనా సరే, లైఫ్ జాకెట్ లేనిదే పడవ కదలనివ్వొద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటక పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. తెలంగాణ నుంచి వెళ్లిన కుటుంబాలూ అందులో ఉన్నాయి. పిల్లల సైజు జాకెట్ వేరే ఉంటుంది. పెద్దవాళ్లది పసివాడికి తగిలిస్తే ఉపయోగం లేదు.

దిగే రోజు...

* సాయం కావాలంటే ముందురోజు సాయంత్రమే ఓడలోని రిసెప్షన్‌లో చెప్పాలి. చాలా ఓడల్లో పడవలకు టోకెన్లు ఇస్తారు. మొదటి గంటంతా తోపులాటే. అది తగ్గాక దిగితే సిబ్బందికీ చేయి పట్టుకునే తీరిక ఉంటుంది.

* చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. సామాను వీపు సంచిలో వేసి కుర్రాళ్లకు ఇవ్వండి. కుటుంబంలో గట్టివాళ్లు ఒకరు ముందు ఎక్కాలి, ఒకరు వెనక ఉండాలి.

* హవాయి చెప్పులు వద్దు. మడమ దగ్గర పట్టీ ఉన్నవి వేసుకోవాలి. చీర కట్టుకునేవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవాలి. పంజాబీ డ్రెస్సయితే ఇంకా సుఖం.

* చంటిబిడ్డను ఛాతీకి కట్టుకునే సంచిలో వేసుకుని, బిడ్డ బండిని ముందే మడిచి సిబ్బందికి అందించాలి.

* పడవల్లో బాత్రూం సాధారణంగా ఉండదు. ఓడలోనే వెళ్లి రావాలి.

* షుగర్ ఉన్నవాళ్ల దగ్గర మందులు, బిస్కెట్లు ఉండాలి. ఓడలోని పళ్లు, వండిన పదార్థాలు తీరానికి తీసుకెళ్లడం చాలా దేశాల్లో కుదరదు.

* ఆఖరి పడవ దాకా ఆగొద్దు. అప్పుడే వరస పెద్దది, ఎండ ఎక్కువ, పెద్దవాళ్లకు ఓపిక తక్కువ.

గాలి పెరిగితే కెప్టెన్ ఆ మజిలీనే రద్దు చేయవచ్చు. జెట్టీ ఉన్న దీవికీ ఆ ఇబ్బంది ఉంది, పడవలకైతే మరీ ఎక్కువ. అలాంటప్పుడు గొడవపడి ప్రయోజనం లేదు.

టికెట్ ఇచ్చేవాళ్లను ఇవి అడగండి

1. ప్రతి మజిలీలో ఓడ ఆనుతుందా, పడవా? (ఫోన్లో చెప్తే చాలదు, మెయిల్‌లో రాసిమ్మనండి)

2. పడవ అయితే మా వీల్‌చెయిర్‌ను అనుమతిస్తారా? బరువు పరిమితి ఎంత?

3. మెట్లు ఎన్ని? లిఫ్టు కింది తలుపు దాకా వెళ్తుందా?

4. బీచ్‌లో ఇసుక వీల్‌చెయిర్ ఉందా? ముందే చెప్పి పెట్టుకోవచ్చా?

5. ప్రత్యేక అవసరాల ఫారం ఎప్పటిలోగా ఇవ్వాలి?

అన్నీ అడిగాక కూడా ఒక మజిలీలో నాయనమ్మ దిగలేరని తేలితే పర్వాలేదు. జనమంతా ఒడ్డుకు వెళ్లిన రోజు ఓడ ప్రశాంతంగా ఉంటుంది. ఆవిడకు తోడుగా ఎవరుండాలో ముందే వంతులు వేసుకోవచ్చు. ఉదయం కొడుకు, మధ్యాహ్నం కోడలు. దిగడమా, ఉండిపోవడమా అన్నది తలుపు దగ్గర భయంతో కాక, ఇంట్లో కాఫీ తాగుతూ ఆవిడే తేల్చుకుంటే అదీ విహారమే!